బయానా ఇచ్చే ముందు జాబ్ కార్డులు చూడండి

పాత కారు బేరం నల్లగొండలో అయినా, జడ్చర్లలో అయినా, వనపర్తిలో అయినా ఒకటే తీరుగ నడుస్తది. బోనెట్ లేపుతారు, స్టార్ట్ చేసి ఇంజన్ చప్పుడు వింటారు, తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకపోయి ఒక రౌండు కొట్టిస్తారు. అమ్మేటాయన "అన్నా, సింగిల్ హ్యాండ్ బండి, అన్నీ షోరూం సర్వీసులే, ఇంకా వారంటీ గూడ ఉన్నది" అంటాడు. మీటరు మీద ముప్పై వేలు కనబడుతుంది. బయానా చేతులు మారుతుంది. ఇంత బేరంలో ఎవరూ అడగని కాగితం ఒకటి ఉంది. ఆ బండి వర్క్‌షాపుకు పోయిన ప్రతిసారీ తెరిచిన జాబ్ కార్డుల, అంటే ఆ రోజు కిలోమీటర్లు, చేసిన పని రాసే కాగితాల లిస్టు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే: మీటరు రీడింగుకు ఇచ్చే విలువ ఆ లిస్టుకు ఇవ్వాలి. అరవై వేలు తిరిగినా ప్రతి సర్వీసుకూ లెక్క చూపించే కారు, ముప్పై వేలే తిరిగి ఏ లెక్కా లేని కారు కన్నా మేలైన బేరం. దానికి ఇరవై ముప్పై వేల రూపాయలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు. ఎందుకో వివరంగా చెప్తాను.

ముందు "వారంటీ ఉంది" అనే మాట సంగతి చూద్దాం. మన దగ్గర గ్యారంటీ, వారంటీ అనే రెండు మాటలనూ కలిపేసి వాడతాం. బండి ఖరాబైతే కంపెనీ ఊరికే చేసిస్తదని మనసులో అనుకుంటాం. కంపెనీ ఇచ్చే వారంటీ అట్లాంటిది కాదు. తయారీలో గానీ, వాడిన మెటీరియల్‌లో గానీ లోపం ఉండి ఒక పార్టు చెడిపోతే, షరతులు పాటించి ఉంటే, దాన్ని మార్చడమో బాగుచేయడమో చేస్తామనే ఒప్పందం అది. క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్లు, వైపర్ బ్లేడ్లు, బల్బులు, ఫిల్టర్లు లాంటి అరిగిపోయే వస్తువులు సాధారణంగా ఇందులోకి రావు. టైర్లకు, బ్యాటరీకి వాటిని తయారుచేసిన కంపెనీల వారంటీ వేరే ఉంటుంది. కాబట్టి మిగిలిన వారంటీని చూసి, క్లచ్ జారుతున్న బండి కొంటే ఆ ఖర్చు మీదే.

వారంటీకి రెండు హద్దులు ఉంటాయి, ఒకటి కాలం, రెండోది కిలోమీటర్లు. ఏది ముందు దాటితే అక్కడితో అయిపోయింది. లెక్క మొదలయ్యేది మొదటి ఓనరుకు బండి అమ్మిన తేదీ నుంచి, తయారైన నెల నుంచి కాదు. ఆర్సీలో తయారైన నెల, రిజిస్ట్రేషన్ తేదీ వేరువేరుగా ఉంటాయి, రెండింటికీ నడుమ నాలుగైదు నెలల తేడా ఉండడం మామూలే. అసలు తేదీ కావాలంటే మొదటి ఇన్వాయిస్ చూడాలి. ఒకే కంపెనీ బండ్లకు కూడా నియమం మారుతుంటుంది. మారుతి సుజుకి 2024 జూలై వరకు 2 ఏళ్లు లేదా 40,000 కిలోమీటర్ల వారంటీ ఇచ్చేది. ఆ నెలలోనే దాన్ని 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లకు పెంచింది. అంటే 2024 జూన్‌లో డెలివరీ అయిన స్విఫ్ట్, అదే ఏడాది ఆగస్టులో డెలివరీ అయిన స్విఫ్ట్ పక్కపక్కన నిలబడి ఉన్నా, వాటికి మిగిలిన వారంటీ ఒకటి కాదు. "ఈ మోడలుకు మూడేళ్లు అన్నా" అనే మాట మీద బేరం తెంపుకోకూడదు. ఆ ఛాసిస్ నంబరుకు ఎంతవరకు ఉందో చూడాలి.

ఓనరు మారితే వారంటీ పోతుందా అని చాలామంది అడుగుతారు. మామూలు వారంటీ బండితోపాటే వస్తుంది. డబ్బు కట్టి పొడిగించుకునే ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా ఎక్కువగా ఛాసిస్ నంబరుకే కట్టి ఉంటుంది, అయితే వర్క్‌షాపు రికార్డుల్లో ఓనరు పేరు మార్పించుకోవాలి. జాగ్రత్త పడాల్సింది ఎలక్ట్రిక్ బండ్ల దగ్గర. కొన్ని కంపెనీలు బ్యాటరీకి ఇచ్చే "లైఫ్‌టైమ్" వారంటీ మొదటి ఓనరుకే. పేరు మారిన రోజు నుంచి అది ఇన్నేళ్లు, ఇన్ని కిలోమీటర్లు అనే మామూలు వారంటీగా మారిపోతుంది. ఎలక్ట్రిక్ కారులో అసలు ధర బ్యాటరీదే కాబట్టి కంపెనీ వర్క్‌షాపులో బ్యాటరీ ఆరోగ్యం రిపోర్టు తీయించకుండా మాట ఇవ్వొద్దు.

ఇక షరతులు. చెప్పిన కిలోమీటర్లకు లేదా నెలలకు అధీకృత వర్క్‌షాపులో సర్వీసు చేయించి ఉండాలి. కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) పోసి ఉండాలి. వైరింగు కోసి హారన్లు, లైట్లు, మ్యూజిక్ సిస్టం పెట్టించి ఉంటే, బయట సీఎన్‌జీ కిట్ వేయించి ఉంటే దానివల్ల వచ్చిన తిప్పలకు కంపెనీ పూచీ ఉండదు. సర్వీసు తప్పిన బండిలో పవర్ విండో మోటారు పోతే ఒక్కోసారి క్లెయిమ్ ఒప్పుకుంటారు గానీ, ఇంజన్‌లో బేరింగు కొట్టుకపోయిందంటే మొదట చూసేది ఆయిల్ ఎప్పుడు మార్చారన్నదే. ఆ ఎంట్రీ లేకపోతే క్లెయిమ్ అక్కడే ఆగుతుంది. సర్వీసు రికార్డు లేని వారంటీ చెక్‌బుక్ ఉండి ఖాతాలో పైసలు లేనట్టే, అవసరం పడ్డ రోజు పని చేయదు.

అందుకే బయానాకు ముందు చేయాల్సిన పని ఒకటుంది. దానికి ఒక పూట పడుతుంది. ఆర్సీలో ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబరు రాసుకొని, బండి బాడీ మీద చెక్కిన నంబరుతో అక్షరం అక్షరం సరిపోల్చండి. తర్వాత ఓనరును వెంటబెట్టుకొని అదే కంపెనీ వర్క్‌షాపుకు పోండి. మీరొక్కరే పోతే వివరాలు ఇవ్వకపోవచ్చు, ఓనరు రిజిస్టర్ చేసిన ఫోనుకు ఓటీపీ అడగవచ్చు. సర్వీసు అడ్వైజర్‌ను అడగాల్సినవి: అమ్మిన తేదీ, వారంటీ ముగిసే తేదీ, ఎక్స్‌టెండెడ్ వారంటీ కొన్నారా లేదా, ఇప్పటిదాకా తెరిచిన అన్ని జాబ్ కార్డులు, వాటిలో బాడీషాపువి కూడా, ఈ ఛాసిస్‌కు రీకాల్ (తయారీ లోపం ఉందని కంపెనీయే బండ్లను పిలిచి చేసిచ్చే పని) ఏదైనా పెండింగు ఉందా. రీకాల్ పని వారంటీ అయిపోయిన బండికి కూడా ఉచితంగా చేస్తారు. ఊరికే వచ్చే పనిని వదులుకోవద్దు.

బాడీషాపు అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. సర్వీసు హిస్టరీ తీయమంటే చాలాసార్లు మెకానికల్ పనులే చూపిస్తారు. డోర్లు, ఫెండర్లు, డిక్కీ మార్చిన యాక్సిడెంటు పని వేరే పద్దులో ఉంటుంది. అడిగితేనే బయటకు వస్తుంది.

ఓనరు రానంటే? "పని ఉంది, తర్వాత చూద్దాం" అంటే? అప్పుడు ఆ బండిని వారంటీ లేని, రికార్డు లేని బండిగా లెక్కగట్టి ధర చెప్పండి. ఒప్పుకోకపోతే ఇంకో బండి చూసుకోండి. ఇందులో మొహమాటానికి చోటు లేదు. నాలుగైదు లక్షలు పెట్టేవాడికి ఒక పూట అడిగే హక్కు ఉంది.

లిస్టు చేతికి వచ్చాక దాన్ని చదవడం తెలియాలి. మారుతి పెట్రోలు బండి అయితే మొదటి మూడు ఉచిత సర్వీసులు దాదాపు 1,000, 5,000, 10,000 కిలోమీటర్ల దగ్గర పడతాయి. ఆ తర్వాత 10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి ఒకటి. ఇప్పుడు ఒక లిస్టు ఇట్లా ఉందనుకోండి: 1,020, 4,900, 9,800, 20,100, 29,700, ఆ తర్వాత పద్నాలుగు నెలలకు 31,200. మొదటి ఐదు ఎంట్రీలు ముచ్చటగా ఉన్నాయి. ఆరోదాని దగ్గర ఆగాలి. ఏడాదికి దాదాపు పదివేలు తిరిగిన బండి పద్నాలుగు నెలల్లో 1,500 మాత్రమే ఎందుకు తిరిగింది? ఓనరు ఊరు విడిచి పోయి బండి షెడ్డులో ఉండొచ్చు. యాక్సిడెంటు అయి నెలల తరబడి బాడీషాపులో పడి ఉండొచ్చు. మీటరు తిప్పి ఉండొచ్చు. లిస్టు జవాబు చెప్పదు గానీ, ఏ ప్రశ్న అడగాలో చెప్తుంది. ఇక రీడింగు వెనక్కి పోయినట్టు, అంటే ముందు 42,000 ఉండి తర్వాత 35,000 ఉన్నట్టు కనబడితే మాట్లాడేది ఏమీ లేదు, లేచి రండి.

ఒకే ఫిర్యాదు మళ్లీ మళ్లీ రావడం మీద కూడా కన్నేసి ఉంచాలి. ప్రతి ఎండాకాలం ఏసీ గ్యాస్ నింపిన ఎంట్రీ ఉందంటే గ్యాస్ ఎక్కడో లీకవుతోంది. చాలాసార్లు అది డ్యాష్‌బోర్డు కింద ఉండే కూలింగ్ కాయిల్, దాన్ని మార్చాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. ఏడాదిలో రెండుసార్లు బ్యాటరీ మార్చి ఉంటే తప్పు దాన్ని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌దో, బయట వైరింగుదో అయి ఉండొచ్చు. మూడు నెలలకోసారి వీల్ అలైన్‌మెంట్ చేయించి ఉంటే కింద చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ ఏదో వంగి ఉండొచ్చు. కూలెంట్ టాప్‌అప్ పదేపదే కనబడితే నేనైతే ఆ బండి జోలికి పోవద్దనే చెప్తాను.

కూలెంట్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది మన నేల సంగతి. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి అందరికీ తెలుసు. ఆ వైపు చాలా బోర్ల నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి. గీజరు కాయిల్ మీద, స్టీలు గిన్నె అడుగున తెల్లగా పట్టే పొర అదే. రేడియేటరులో నీళ్లు తగ్గాయని బోరు నీళ్లు పోస్తే ఇంజన్ వేడికి ఆ పొర రేడియేటరు సన్నటి గొట్టాల్లో, ఇంజన్ నీళ్ల దారుల్లో పడుతుంది. వేడి బయటకు పోదు. పైగా కూలెంట్ పలచబడితే తుప్పును ఆపే గుణం పోతుంది, మరిగే ఉష్ణోగ్రత కూడా తగ్గుతుంది. మే నెలలో నల్లగొండ ఎండకు ఏసీ వేసుకొని హైవే ఎక్కితే టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది, హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగాన్ని మూసే సీలు) కాలుతుంది. కంపెనీ చెప్పని ద్రవం పోసినందుకు వారంటీలోనూ ఆదుకోరు.

దీన్ని కనిపెట్టడం సులువు. పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, వేడి మీద మాత్రం ఎప్పుడూ కాదు, రేడియేటరు మూతో, కూలెంట్ ట్యాంకు మూతో తీయండి. పచ్చగానో, ఎర్రగానో, నీలంగానో స్వచ్ఛంగా కనబడాలి. తుప్పు రంగు నీళ్లు, మూత దగ్గర తెల్లటి పెచ్చులు ఉంటే బోరు నీళ్లు పోసి ఉండొచ్చు. తర్వాత ఆయిల్ మూత తీసి చూడండి. లోపల మీగడ లాంటి తెల్లటి ముద్ద ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయని అనుమానించాలి. చలికాలం దగ్గర దూరాలే తిరిగే బండికి తేమవల్ల కొంచెం పట్టొచ్చు, అందుకే ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద కూడా చూసి నిర్ణయించుకోండి. లిస్టులో "కూలెంట్ మార్పు" అన్న ఎంట్రీ తేదీతో సహా ఉందంటే ఆ బండికి నా దృష్టిలో విలువ పెరిగినట్టే.

మీటరును నమ్మాలా అన్నదానికి లిస్టు ఒక్కటే చాలదు, బయటి సాక్ష్యాలు కూడా కలపాలి. అన్నిటికన్నా మంచి సాక్ష్యం ఫాస్టాగ్ స్టేట్‌మెంట్. నల్లగొండ నుంచి హైదరాబాదు సుమారు వంద కిలోమీటర్లు, నడుమ చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ ఉంది. మహబూబ్‌నగర్ నుంచి అయినా దాదాపు అంతే దూరం, దారిలో షాద్‌నగర్ దగ్గర రాయికల్ టోల్ ఉంది. వారానికి ఒక్కసారి పోయివచ్చినా ఏడాదికి 10,400 కిలోమీటర్లు. నాలుగేళ్ల బండి 28,000 చూపిస్తూ, స్టేట్‌మెంటులో వారం వారం పంతంగి కనబడితే లెక్క తేలదు. ఎన్ని నెలలది వస్తే అన్ని నెలలది అడగండి. ఈ-చలాన్లు కూడా ఇట్లాంటి సాక్ష్యమే, తేదీ, స్థలం ఉంటాయి. "ఊరు దాటని బండి" మీద హైదరాబాదు చుట్టుపక్కల స్పీడు చలాన్లు వరుసగా ఉండవు.

టైరు మీద నాలుగు అంకెల కోడు ఉంటుంది. 2321 అంటే 2021లో 23వ వారం. బండి 2021ది, టైర్లు నాలుగూ 2024వి, మీటరు 25,000 అంటే, మొదటి టైర్లు అంత తొందరగా ఎందుకు అరిగాయో అడగాలి. అలైన్‌మెంట్ బిల్లు మీద, బోనెట్ కిందో డోరు పక్కనో అంటించిన ఆయిల్ స్టిక్కరు మీద కిలోమీటర్లు రాసి ఉంటాయి. మీటరు తిప్పేవాళ్లు వాటిని మరిచిపోతుంటారు. బండి కంప్యూటరును చదివే ఓబీడీ స్కానరు ఉన్న మెకానిక్‌ను తీసుకపోతే ఇంకో సంగతి చూడమనండి. ఎర్రర్ కోడ్లు చెరిపేసిన తర్వాత బండి ఎంత దూరం నడిచిందో చాలా బండ్లలో కనబడుతుంది. అది 30 కిలోమీటర్లు అని వస్తే, మీరు చూడడానికి వస్తున్నారని తెలిశాక ఎవరో ఇంజన్ హెచ్చరిక లైటు ఆర్పి ఉండొచ్చు.

ఇన్సూరెన్సు కాగితంలో నో క్లెయిమ్ బోనస్ శాతం చూడండి. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి అది 20, 25, 35, 45, 50గా పెరుగుతుంది. అయిదేళ్లుగా ఒకే ఓనరు దగ్గరున్న బండికి బోనస్ సున్నా అంటే ఈ మధ్యనే క్లెయిమ్ అయి ఉండొచ్చు. ఎందుకో అడగండి. ఆ బోనస్ ఓనరుది, బండిది కాదు. కాబట్టి రెండో ఓనరు దగ్గర కొత్తగా మొదలైన సున్నాకు అనుమానపడనక్కర లేదు.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో కోదాడలో కార్లు వాగులో కొట్టుకపోయాయి, విజయవాడలో బుడమేరు పొంగి కాలనీలు మునిగాయి. రెండూ 65వ జాతీయ రహదారి మీద ఊర్లే, ఆ దారి మన నల్లగొండ జిల్లా మీదుగానే వస్తుంది. కాబట్టి ఆ నెలలో, దాని తర్వాతి రెండు నెలల్లో పెద్ద బాడీషాపు ఎంట్రీగానీ, వైరింగు, సీట్లు, ఈసీయూ (ఇంజన్ కంప్యూటరు) మార్పుగానీ ఉంటే నీళ్లల్ల మునిగిన బండేమోనని చూసుకోవాలి. సీటు బెల్టు చివరిదాకా గుంజి బురద గీత ఉందేమో చూడండి. స్టెప్నీ గుంటలో తుప్పు, కార్పెటు కింద మట్టి చూడండి. మునిగిన బండి మొదట్లో మంచిగనే నడుస్తుంది. కనెక్టర్లలో తుప్పు నెలల తర్వాత బయటపడుతుంది.

ఇప్పుడు నా వాదనకు ఎదురు వచ్చే మాట. "దేవరకొండలోనో, అచ్చంపేటలోనో ఉన్నోడు ప్రతి సర్వీసుకూ కంపెనీ వర్క్‌షాపుకు ఎట్ల పోతడు? మా మెకానిక్ ఇరవై ఏండ్ల సంది చేస్తుండు, షోరూంలో అనవసరంగా బిల్లు పెంచుతరు." ఇందులో నిజం ఉంది. వారంటీ గడువు దాటిన బండికి బయట సర్వీసు చేయిస్తే తప్పేమీ లేదు, మంచి మెకానిక్ చేతిలో బండి ఏళ్లకేళ్లు నడుస్తుంది. నేను అడిగేది కంపెనీ ముద్ర కాదు, లెక్క. ఆయిల్ డబ్బా కొన్న బిల్లు, దాని మీద గ్రేడు, ఫిల్టరు బిల్లు, తేదీ, కిలోమీటర్లు. ఇవి ఒక కవరులో దాచిన ఓనరు బండిని చూసుకున్న ఓనరు. అయితే వారంటీ ఇంకా నడుస్తున్న బండికి ఈ బిల్లులు చాలవని గుర్తుంచుకోవాలి, అక్కడ షరతు అధీకృత వర్క్‌షాపే. మూడేళ్లు నిండని బండిని "బయట సర్వీసు, కానీ వారంటీ ఉంది" అని అమ్మితే ఆ రెండో సగానికి డబ్బు కట్టకండి.

వారంటీ ముగియడానికి కొన్ని నెలలున్న బండి దొరికి, సర్వీసు రికార్డు నిండుగా ఉంటే, అది మంచి అవకాశం. చాలా కంపెనీల్లో మామూలు వారంటీ అయిపోకముందే ఎక్స్‌టెండెడ్ వారంటీ కొనుక్కోవాలి, రెండో ఓనరు కూడా కొనుక్కోవచ్చు. మూడేళ్ల వారంటీ ఉన్న రెండేళ్ల ఎనిమిది నెలల బండికి ఆ నాలుగు నెలలు ఎంతో విలువైనవి. ధర ఎంతో వర్క్‌షాపులోనే అడిగి, బేరంలో కలిపి మాట్లాడండి.

పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీలో కొంటే "ఇంజన్, గేర్‌బాక్స్ ఆరు నెలల గ్యారంటీ" అంటారు. నోటిమాటకు విలువ లేదు. ఏయే పార్టులు, ఒక్కో క్లెయిముకు ఎంత వరకు, లేబరు ఎవరిది, రిపేరు ఎక్కడ, ఎన్ని రోజుల్లో, అన్నీ కాగితం మీద ఉండాలి. టర్బో, ఇంజెక్టర్లు, ఏసీ కంప్రెసరు అందులో ఉన్నాయో లేవో పేరు పేరునా అడగండి, పెద్ద ఖర్చులు వచ్చేది అక్కడే. లెటర్‌హెడ్ మీద బండి నంబరు, ఛాసిస్ నంబరు, ఆ రోజు మీటరు రీడింగు, అది అసలైనదేనని, పెద్ద యాక్సిడెంటుగానీ, నీళ్లలో మునగడంగానీ లేదని రాయించి సంతకం పెట్టించుకోండి. సొంత ఓనరు దగ్గర కొన్నా ఇది రాయించుకోవచ్చు. రాయడానికి వెనకాడే మనిషి ఆ మాట నోటితో చెప్పడానికి వెనకాడలేదని గమనించండి.

ఈ కాగితం తర్వాత పనికొస్తుంది. వ్యాపారి మోసం చేస్తే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌కు పోవచ్చు. కొన్న ధర అయిదు లక్షలు దాటకపోతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు రాయించవచ్చు. కారు వ్యాపారం చేయని మామూలు ఓనరు మీద మాత్రం సివిల్ కోర్టే దిక్కు, అక్కడ రాతమూలకం లేకపోతే నిలబడలేరు.

ఆర్సీ మార్పిడి సంగతి క్లుప్తంగా: ఫారం 29, 30 బండి తీసుకునే రోజే సంతకాలు చేయించుకోండి. లోను ఉండి తీరితే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 కూడా. ఆర్సీలో వాహనం తరగతి చూడండి, ఒకప్పుడు పసుపు బోర్డు మీద తిరిగి తర్వాత తెల్ల బోర్డుకు మార్చిన క్యాబ్ అయితే వారంటీ షరతులు వేరు, అరుగుదల వేరు. ఇన్సూరెన్సును 14 రోజుల్లోపు మీ పేరుకు మార్చమని కంపెనీకి రాయాలి, లేకుంటే మీ బండి దెబ్బతిన్నప్పుడు క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

బండి ఇంటికొచ్చిన వారంలోనే ఇంకో పని పెట్టుకోండి. కొత్త ఆర్సీ కాపీతో అదే వర్క్‌షాపుకు పోయి రికార్డులో ఓనరు పేరు, ఫోను నంబరు మార్పించండి. ఈ చిన్న పని చేయకపోతే సర్వీసు గడువు మెసేజీలు, రీకాల్ కబురు, ఎక్స్‌టెండెడ్ వారంటీ ముగుస్తోందన్న హెచ్చరిక అన్నీ పాత ఓనరు ఫోనుకే పోతాయి. ఆ రోజే ఆయిల్, ఫిల్టర్లు మార్పించి, కూలెంట్ పూర్తిగా దింపి కంపెనీ చెప్పినది పోయించండి. ఆ జాబ్ కార్డు మీ పేరు మీద మొదటిది అవుతుంది. రేపు మీరు ఈ బండిని అమ్మేనాడు వచ్చినవాళ్లకు చూపించడానికి దాన్ని కవరులో దాచిపెట్టండి.